కూడు తిన్యారా అని అడిగిన మనిషి

దబ్బనానికి మైనం పట్టించి గోవిందస్వామి ప్రశ్నల కాగితాల దొంతర అంచున గుచ్చాడు. పురికొసను అవతలికి లాగి, బిగించి, మళ్ళీ ఇవతలికి తెచ్చాడు. ముడి వేశాక బొటనవేలితో నొక్కి చూశాడు. కదల్లేదు. ఆ దొంతరను పక్కన పెట్టి ఇంకొకటి ఒళ్ళోకి తీసుకున్నాడు.

తిరుపతిలో యూనివర్సిటీ అర్థశాస్త్ర విభాగం వెనక వరండా అది. లోపల గుండుసూదుల డబ్బాలు కావలసినన్ని ఉన్నాయి. కానీ గుండుసూది గుచ్చిన కాగితాలు పల్లెల్లో నిలవవని గోవిందస్వామికి తెలుసు. గట్ల మీద గాలికి ఆఖరి కాగితం ఊడి ఎగిరిపోయిందంటే ఆ ఇంటి వివరమంతా పనికిరాకుండా పోతుంది. పోనీ మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే, మొదటిసారి నోటికొచ్చిన మాట రెండోసారి రాదు. ఆలోచించుకున్న మాట వస్తుంది. ఆలోచించుకున్న మాట అతనికి అక్కర్లేదు.

"అయిపోవచ్చిందా అన్నా?" అంటూ లోపలినుంచి సుబ్రమణ్యం వచ్చాడు. పలమనేరు పిల్లవాడు. కరువు పనులు పేద కుటుంబాలకు ఏమాత్రం ఆసరా అయ్యాయన్న విషయం మీద డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నాడు.

"అయితా ఉండాది సార్. ఇంకో గుప్పెడుండాయి."

"స్టేప్లరుతో కొట్టేస్తే పోయేది గదా."

"వానకి తుప్పు పడతాది సార్."

"వానేడ వస్తా ఉండాదిలే" అన్నాడు సుబ్రమణ్యం. ఇద్దరూ నవ్వలేదు. చిత్తూరు జిల్లాలో వరసగా ఇది రెండో ఏడు, చెరువుల్లో పశువులు మేయడం.

గోవిందస్వామి పుట్టింది పూతలపట్టులో. తండ్రి బెల్లం బండ్లకు లోడెత్తేవాడు. ఆయన నడుము పడిపోయాక ఏడో తరగతితో చదువు ఆపి, చిత్తూరు బస్టాండు దగ్గర బోర్డులు రాసే ఒకాయన దగ్గర చేరాడు. అక్షరం రాసే ముందు గోడను తడిమి చూడాలని అక్కడ నేర్చుకున్నాడు. జనాభా లెక్కల ఏడాది ఇళ్ళకు నంబర్లు వేసే పని దొరికింది. ఒక వీధిలో అతను ఒకే తలుపుకు రెండు నంబర్లు వేస్తే, పై అధికారి తిట్టడానికి వచ్చాడు. లోపలికి వెళ్ళి చూస్తే అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. ఆ సంగతి విన్న కాలేజీ లెక్చరరొకాయన, బెల్లం రైతుల మీద తాను చేస్తున్న సర్వేకు అతన్ని తోడు తీసుకెళ్ళాడు. అప్పటినుంచి గోవిందస్వామి బ్రతుకుతెరువు అదే అయింది. ఎవరు పరిశోధన చేసినా ఊళ్ళు తిరిగి ఇంటింటా అడిగి రాసుకొచ్చేవాడు. పలమనేరు పాల సొసైటీల గురించీ, పులికాట్ ఒడ్డున రొయ్యలు పట్టేవాళ్ళ వలల గురించీ పడవల గురించీ అడిగాడు. అట్ట వేసిన ఆ పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో అతని పేరు ఉందో లేదో అతను ఎప్పుడూ తీసి చూడలేదు.

పని మాత్రం శ్రద్ధగా చేసేవాడు. సైకిలు ఊరి మొదట్లోనే దిగి నడిపించుకుంటూ పోయేవాడు. ఎక్కి పోతే బాకీ వసూలుకు వచ్చినవాడనుకుంటారు. పెన్ను జేబులో పెట్టుకునేవాడు కాదు. పెన్ను చూస్తే జనానికి సంతకాలు, కోర్టులు గుర్తొస్తాయి. పెన్సిలుతో ఆ భయం లేదు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చునే ముందు ఇంటి ఆడమనిషి ఎక్కడ నిలబడిందో చూసుకుని, ఆమె కంటే కింద కూర్చునేవాడు. ఇవేవీ ఎవరూ చెప్పినవి కావు. ఒక్కోటి ఒక్కో ఊళ్ళో తప్పు చేసి తెలుసుకున్నవి.

ఈసారి సుబ్రమణ్యం సర్వేకు ఇంకో పని కూడా అంటుకుంది. మద్రాసులోని ఒక ధర్మసంస్థ పూతలపట్టు చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో గంజి కేంద్రాలు నడుపుతోంది. మధ్యాహ్నం పూట పిల్లలకు, ముసలివాళ్ళకు తలా ఒక గరిటె. వాళ్ళ దగ్గర ఉన్న సరుకు తక్కువ, గంజి కావాలనే ఊళ్ళు ఎక్కువ. ఇళ్ళల్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతున్న ఊరు ఏదైనా ఉంటే అక్కడి కేంద్రం ఎత్తి, లేని ఊరికి మార్చాలని వాళ్ళ ఆలోచన. మీరు ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు కాబట్టి ఆ సంగతి కూడా కనుక్కుని చెప్పండని డిపార్టుమెంటు పెద్దసారును అడిగారు. ఆయన సరేనన్నాడు. ఒక ప్రశ్న పెంచారు.

ఆ ప్రశ్న అచ్చులో ఇలా ఉంది: "గడచిన ఇరువది నాలుగు గంటలలో మీ గృహమునందు కుటుంబ సభ్యులు ఎన్ని పర్యాయములు ఆహారము స్వీకరించినారు?"

ముందుగా పరీక్ష కోసం ఇద్దరూ కలిసి ఒక ఊరికి వెళ్ళి ఆ ప్రశ్న అడిగారు. గడప దగ్గర చేటతో కూర్చున్న ముసలమ్మ ఒకామె అది విని గోవిందస్వామి మొహంలోకి చూసింది.

"ఏమంటాడప్పా ఈ అబ్బోడు? స్వీకరించేదానికి మేమేమన్నా కొండమీది దేవుళ్ళమా?"

వీధిలో వాళ్ళంతా నవ్వారు. సుబ్రమణ్యం చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి వస్తూ బస్సులో గోవిందస్వామి మెల్లగా అన్నాడు.

"ప్రశ్న మార్చాల సార్. ఇట్లడిగితే నవ్వతారు, లేకుంటే భయపడతారు."

"ఎట్ల మార్చేది? నువ్వు చెప్పు."

"వాళ్ళు ఒకరినొకరు ఎట్ల అడుక్కుంటారో అట్నే అడగాల. నిన్న ఇంట్లో కూడు తిన్యారా, రెండు పూటలా తిన్యారా, అంతే."

సుబ్రమణ్యం ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నాడు. నోటికి బాగా పట్టింది. "ఇదే బాగుండాది. ఇదే పెడదాం" అన్నాడు. పెద్దసారు కూడా మెచ్చుకున్నాడని మర్నాడు చెప్పాడు. ఆ రోజు కాగితాలు కుడుతున్నప్పుడు గోవిందస్వామి చేతులు కొంచెం తేలికగా కదిలాయి.

ఇంకో నియమం సుబ్రమణ్యం పెట్టాడు. గంజి కేంద్రం మాట ఎత్తకూడదు. ఎత్తితే ఉన్నవాళ్ళు కూడా లేదంటారు. ఆ నియమం సరైనదేనని గోవిందస్వామికీ అనిపించింది.

మొదటి ఊరు నరిగుంటపల్లె. ప్రశ్న నీళ్ళల్లో చేపలా పోయింది. ఎవరూ నవ్వలేదు, తడుముకోలేదు. "కూడు తిన్యారా మా నిన్న?" అంటే "అయిందప్పా" అన్నారు. "రెండు పూటలా?" అంటే "ఆఁ, అయింది" అన్నారు. ఓబయ్య అని ఒక ముసలాయన, ఒకప్పుడు బావులు తవ్వినవాడు, గోడకు ఆనుకుని కూర్చుని "అయింది నాయనా, నువ్వు తిన్యావా?" అని ఎదురడిగాడు. ఆయన భార్య తాయమ్మ కూడా లోపలినుంచి అదే మాట అంది. గోవిందస్వామి గడిలో గుర్తు పెట్టి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ కాగితాలను డిపార్టుమెంటులో అంకెల్లోకి మార్చారు. అట్టకార్డులకు చిల్లులు కొట్టించి, మద్రాసు పంపి కంప్యూటరుకు వేయించారు. మడతలు మడతలుగా వచ్చిన పొడుగాటి కాగితంలో నరిగుంటపల్లె వరసలో, నూటికి తొంభై ఇళ్ళు రెండు పూటలా తింటున్నాయని వచ్చింది. సుబ్రమణ్యానికి కొంచెం ఆశ్చర్యమేసింది. కానీ కరువు పనులు ఆ ఊరి దగ్గర రోడ్డు మీద జరుగుతున్నాయి. ఆ కూలి ఇళ్ళకు చేరుతోందన్నమాట అనుకున్నాడు. అతను నిరూపించాలనుకున్నది కూడా అదే. ధర్మసంస్థకు ఆ ముక్క పంపారు. నెల తిరక్కముందే నరిగుంటపల్లె కేంద్రం ఎత్తేశారు. మిగతా మూడు ఊళ్ళ కాగితాలు కూడా అలాగే వచ్చాయి. వాటి మీద నిర్ణయం తీసుకోవడానికి సంస్థ తరఫున ఒకాయన మద్రాసు నుంచి తిరుపతి వస్తాడనీ, పెద్దసారు గదిలో సమావేశమనీ కబురు వచ్చింది.

ఆ సమావేశానికి ముందు, నరిగుంటపల్లెలో కొన్ని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి చెప్పిన వయసులు, భూములు సరిగా ఉన్నాయో లేదో సరిచూసి రమ్మని సుబ్రమణ్యం గోవిందస్వామిని పంపాడు.

ఊరి మొదట్లో సైకిలు దిగేసరికి గంజి కేంద్రం పాక ముందు మునిరత్నమ్మ కూర్చుని ఉంది. మొన్నటిదాకా గంజి కాచింది ఆమే. పెద్ద గుండిగ కనిపించలేదు. అది ఉన్న చోట మూడు రాళ్ళు మాత్రం మిగిలాయి.

"రాప్పా గోవిందస్వామీ, రా" అంది. "మా ఊరోళ్ళు రెండు పూటలా మెక్కతా ఉండారని రాసుకోని పోతివంటనే. ఇంగ గంజెందుకని గుండిగెత్తుకోని పోయినారు. మళ్ళీ ఏమి ఎత్తకపోను వస్తివి?"

"నేను రాసేది వాళ్ళు చెప్పిందే మా."

"ఆఁ, చెప్పిందే. నువ్వడిగితివి, వాళ్ళు చెప్పిరి." ఆమె చీపురు పుల్ల విరిచి నేల మీద పడేసింది. "ఓబయ్య తాత పోయినాడు, తెలుసునా?"

"ఎప్పుడు?"

"మొన్న. జ్వరమంట. ఆయప్పకి జ్వరమొచ్చేదానికి ఒంట్లో ఏముండాదని? గంజున్నప్పుడు సగం తాగి సగం సట్టిలో పోసుకోని పెండ్లానికి ఎత్తకపోతా ఉండె. అది ఇద్దరి కూడు. పో, పోయి తాయమ్మని చూసి రాపో."

గోవిందస్వామి వెళ్ళాడు. పొద్దున తిరుపతిలో తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. తాయమ్మ ఇంటి ముందు నీళ్ళు చల్లి లేవు. గడప పక్కన ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అతన్ని గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. గుర్తుపట్టాక కాళ్ళు వెనక్కి లాక్కుని చీర సర్దుకుంది.

"రా నాయనా" అంది. "కూడు తిన్యావా?"

"అయింది మా" అన్నాడు గోవిందస్వామి.

అన్నాక అతని నోరు అలాగే ఉండిపోయింది. తాను తినలేదు. తాయమ్మ అడిగింది, తాను అయిందన్నాడు. అనకుండా ఎలా? లేదంటే ఆమె లేవాలి. లేచి లోపలికి వెళ్ళాలి. ఆ చీకటింట్లో ఏమీ లేని సట్టి వెతకాలి. అందుకే తలచుకోకముందే నోరు ఆ మాట అనేసింది. పుట్టినప్పటినుంచీ అంటూనే ఉంది.

నాలుగు ఊళ్ళల్లో ఇల్లిల్లూ తిరిగి తాను అడిగిందీ అదే. అది ప్రశ్న కాదు, గడప దగ్గర చేసే మర్యాద. దానికి ఒకటే జవాబు ఉంది. ఆ ఒక్క జవాబునే ఇంటింటా రాసుకుని, కుట్లు వేసి, భద్రంగా తీసుకెళ్ళి ఇచ్చాడు.

వయసులూ భూములూ సరిచూడలేదు. తాయమ్మ దగ్గర కాసేపు కూర్చుని లేచి వచ్చేశాడు.

తిరుపతిలో సుబ్రమణ్యం గదిలో జరిగిందంతా చెప్పాడు. సుబ్రమణ్యం మొదట అడ్డుచెప్పాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

"మా అమ్మా అంతే అన్నా" అన్నాడు ఆఖరికి. "ఎవరొచ్చి అడిగినా అయిందనే అంటాది. నాకెందుకు తట్టలేదో."

"మార్చింది నేను సార్. ఆ పాత ప్రశ్నే పెట్టుంటే నవ్వుకోనైనా నిజం చెప్పుందురు."

"ఒప్పుకునింది నేను." సుబ్రమణ్యం మడతల కాగితాన్ని బల్ల మీద పరిచాడు. "ఇది తప్పంటే దీని మీద రాసిందంతా తప్పే. రెండో చాప్టరు పోతాది. పెద్దసారు నన్ను నిలేస్తాడు. గడువు కూడా దగ్గరికొచ్చింది."

"మద్రాసాయన వచ్చేలోపల మిగతా మూడూళ్ళూ మళ్ళీ అడుగుతా సార్. అవన్నా నిలబడాల. ఖాళీ కాగితాలియ్యండి."

"ఏమని అడుగుతావు? మళ్ళీ కూడు గురించే గదా."

గోవిందస్వామి ఖాళీ కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాడు. "ఇంటికి పోయి ఆలోచిస్తా సార్" అన్నాడు.

అతని ఇల్లు తిరుపతిలోనే, కొర్లగుంటలో. భార్య వసంతమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఉంటే ఎదురుగా కూర్చుని అడిగాడు.

"ఒక ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని తెలుసుకోవాల. వాళ్ళకి సిగ్గుచేటు కాకుండా ఎట్ల అడిగేది?"

"కూడు గురించి అడిగితే ఎవురు చెప్తారు? నేనే చెప్పను" అంది వసంతమ్మ. "మనింట్లో లేని దినాలు పక్కింటి చంద్రకాంతమ్మ అడిగితే అయిందనే గదా నేను చెప్తా ఉండేది."

గోవిందస్వామి ఆమె మొహం చూశాడు. "అట్లాంటి దినాలుండాయా?"

"నువ్వు ఊర్లమ్మటి తిరగతా ఉంటివి." ఆమె రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది. "పిండి ఇసిరేది గురించి అడుగు. ఏమి ఇసిరినారు, ఎంత ఇసిరినారు, రాయి ఎప్పుడు దించినారు అని. అది పని. చేసిన పని చెప్పేదానికి ఆడోళ్ళకి సిగ్గుండదు. చెయ్యని పనికీ ఉండదు."

ఆ పూట అతను తిన్నాడో లేదో అన్న మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కాగితాల మీద కూడు ప్రశ్న కొట్టేసి, ఇసిరింది, ఉడకేసింది అని రెండు గడులు గీసుకుని, తెల్లవారి బస్సులో సైకిలు పైకెక్కించుకుని కానుగమిట్టకు వెళ్ళాడు. మొదటి ఇల్లు సిద్ధమ్మది. ఇద్దరు పిల్లలు, మగడు రోడ్డు పనికి పోయేవాడు. ఆమె గడప మీదే ఉంది.

"ఏంది మళ్ళీ వస్తివి? పోయినసారి రాసుకునేది చెరిగిపోయిందా?"

"చెరిగిపోలేదు మా. తప్పు రాసుకుంటి."

"నేను చెప్పిందే గదా రాసుకుంటివి?"

"నేనడిగేది తప్పు." అతను పెన్సిలు తీయలేదు. "మీ ఇసుర్రాయి యాడుండాది?"

ఆమె గడ్డంతో చూపించింది. తిరగలి రాయి గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. దాని మీద పిల్లవాడి చొక్కా ఆరేశారు. పిడి గుంతలో సాలెపురుగు గూడు కట్టుకుంది.

"ఆఖరికి ఎప్పుడు దించినారు?"

"మా ఆడబిడ్డ వచ్చినప్పుడు రెండు పడి రాగులు ఇసిరినా. ఆమె పోయి శానా దినాలాయ. ఆపైన దించేదానికి రాగులుంటే గదప్పా."

"రోడ్డు పని కూలీ?"

"ఆయప్ప పేరుండాది. పని వారానికి రెండు దినాలిస్తే పెద్ద సంగతి. ఆ కూలి పాత అంగడి బాకీకే పోతాది."

"మరి నిన్న ఏమి ఉడకేసినావు?"

"మునగాకు. దాంట్లో ఒక గుప్పెడు నూకలు."

గోవిందస్వామి రాసుకున్నాడు. రాస్తూ అడిగాడు. "మరి ఆపొద్దు రెండు పూటలా అయిందంటివే?"

సిద్ధమ్మ అతన్ని వింతగా చూసింది. "ఇంటికొచ్చిన మనిషి కూడు తిన్యావా అంటే లేదని ఎట్ల చెప్పేదప్పా? పెట్టమని అడుక్కునేట్ల కాదా? నువ్వైనా చెప్తావా?"

"చెప్పను" అన్నాడు.

ఆ ఊళ్ళోనూ తర్వాతి రెండు ఊళ్ళల్లోనూ అతను ఇసుర్రాళ్ళ గురించే అడిగాడు. నోళ్ళు తెరుచుకున్నాయి. కొందరు రాయి చూపించారు. కొందరు రాయి అమ్మేశామన్నారు. ఒకామె పొద్దున్నే చప్పుడు వినబడాలని ఉత్త రాయి తిప్పుతున్నానంది. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని. ఆమె అది చెబుతూ నవ్వింది, గోవిందస్వామి నవ్వలేక తల వంచుకుని రాసుకున్నాడు. ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ రాళ్ళ చుట్టూ తెల్లటి పిండి కనిపించింది. అదీ రాసుకున్నాడు. తప్పును దిద్దబోయి ఇంకో తప్పు చేయకూడదని ప్రతి ఇంట్లో రాయిని కళ్ళతో చూసేదాకా గడిలో గుర్తు పెట్టలేదు.

సమావేశం రోజు పొద్దున మూడు ఊళ్ళ కాగితాలూ సుబ్రమణ్యానికి అందాయి. కార్డులు, కంప్యూటరు అనుకునే వ్యవధి లేదు. ఇద్దరూ నేల మీద కూర్చుని చేత్తోనే విడదీశారు. రెండు పూటలా పొయ్యి వెలగని ఇళ్ళ కుప్ప ఒక పక్క, వెలిగిన ఇళ్ళ కుప్ప ఒక పక్క. మొదటి కుప్పే పెద్దదని లెక్కపెట్టకుండానే తెలిసింది.

పెద్దసారు గదిలో మాటలు వరండాలోకి వినబడుతున్నాయి. సుబ్రమణ్యం తాను తయారుచేసిన పట్టిక తప్పనీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ చెప్పాడు. పెద్దసారు ఏదో గట్టిగా అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

బయటికి వచ్చిన సుబ్రమణ్యం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మూడు ఊళ్ళ కేంద్రాలు వాన పడేదాకా ఉంచుతారంట" అన్నాడు.

"నరిగుంటపల్లె?"

"దాని గుండిగ, సరుకు అన్నీ వేరే తాలూకాకి పోయినాయంట. మూసిందాన్ని తెరవాలంటే మద్రాసులో మొదటినుంచి రావాల. ఈ ఏటికి కాదన్నాడు. నేను శానా చెప్పినా అన్నా."

గోవిందస్వామి తల ఊపాడు. "నరిగుంటపల్లెకి ఇంకా ఖాళీ కాగితాలు కావాల సార్" అన్నాడు.

"ఇంగెందుకు? అది మూసేసిన ఊరు. మన పరిశోధనలో దాన్ని వదిలేసినా పర్వాలేదు. పెద్దసారు కూడా అదే అనె."

"వదిలేస్తే పాతదే కదా సార్ మద్రాసోళ్ళ దగ్గర నిలబడేది? రెండు పూటలా తిన్యారని."

సుబ్రమణ్యం లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చి ఇచ్చాడు.

నరిగుంటపల్లెలో ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. వేసిన తలుపులు వేసినట్లే ఉన్నాయి. మునిరత్నమ్మ పాక దగ్గర లేదు, తన ఇంటి ముందు కట్టెలు కొడుతోంది.

"ఇప్పుడు రాసుకుంటే గుండిగ తిరిగొస్తాదా?" అని అడిగింది.

"రాదు మా."

"ముసలోడు తిరిగొస్తాడా?"

"రాడు."

"మరెందుకు ఎండలో చస్తా ఉండావు?"

"తప్పుండాది. తీసెయ్యాల" అన్నాడు గోవిందస్వామి.

ఆమె గొడ్డలి దించి చెమట తుడుచుకుంది. తానే ముందు నడిచి, వీధి మొదటి ఇంటి తలుపు తట్టింది. "మేయ్, తలుపు తియ్యి. కూడు గురించి అడగడంట. ఇసుర్రాయి చూపించు, చాలు" అని కేకేసింది. ఆ తర్వాత తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. కొన్ని తెరుచుకోలేదు. ఆ ఇళ్ళవాళ్ళు బెంగుళూరు దోవ పట్టారని పక్కవాళ్ళు చెప్పారు. ఆ ఇళ్ళ కాగితాల మీద వలస అని రాసి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కింద రాశాడు.

తాయమ్మ ఇల్లు ఆఖరిది. ఆమె గడప లోపల నేల మీద పడుకుని ఉంది. అతన్ని చూసి లేవబోతే వద్దన్నాడు. ఆమె తల వైపు నేల మీద కూర్చుని పెన్సిలు తీశాడు. కాగితం మీద మొదటి ప్రశ్న ఇంట్లో ఎంతమంది అని.

"ఇంట్లో ఎందరు మా?"

"ఇద్దరం" అంది తాయమ్మ.

అతను రాయలేదు. పెన్సిలు కాగితం మీద ఆనించి ఉంచాడు. బయట మునిరత్నమ్మ గాజులు కదిలిన చప్పుడైంది. తాయమ్మ పైకప్పు వైపు చూస్తూ ఉంది.

"ఒకదాన్నే" అంది తర్వాత.

ఒకటి అని రాశాడు. ఇసుర్రాయి గురించి అడిగాడు. ఓబయ్యను ఎత్తుకెళ్ళిన రోజు పాడెకట్టెల కోసం, కొత్త గుడ్డ కోసం రాయి ఇచ్చేశానని ఆమె చెప్పింది. ఎవరికి ఇచ్చిందీ చెప్పింది. ఇసిరింది అన్న గడిలో సున్న, ఉడకేసింది అన్న గడిలో సున్న పెట్టాడు. ఈ కాగితాన్ని రేపు ఎవరూ కాదనకుండా ఆమె బొటనవేలికి సిరా పూసి, ముద్ర వేయించుకుని, తన తుండుగుడ్డతో ఆ వేలు తుడిచాడు. మునిరత్నమ్మ తన ఇంటినుంచి చెంబులో అంబలి తెచ్చి తాయమ్మ పక్కన పెట్టింది. గోవిందస్వామి అటు చూడకుండా లేచాడు.

మర్నాడు పొద్దున యూనివర్సిటీ తలుపులు తీసే వేళకే అతను మెట్ల దగ్గర ఉన్నాడు. సుబ్రమణ్యం రాగానే సంచిలోంచి నరిగుంటపల్లె కట్ట తీశాడు.

"అన్నీ వచ్చినాయా అన్నా?"

"వచ్చినాయి సార్. తాళాలేసిన ఇండ్లు వేరేగా పెట్టినా. ఎవురు చెప్పినారో కింద రాసినా. ఓబయ్య పేరు పాత కాగితంలో ఉండాది, కొత్తదాంట్లో లేదు. రాసేది మరిచినానని పొరపాటు పడొద్దండి."

సుబ్రమణ్యం పై కాగితం తిప్పి తాయమ్మ వేలిముద్ర చూశాడు. పాత పట్టిక ఉన్న చాప్టరు చంకలోంచి తీసి, ఆ ఊరి వరస మీద అడ్డంగా గీత కొట్టాడు. "దీని నకలు మద్రాసుకీ పంపిస్తా అన్నా" అని రెండు చేతులూ చాచాడు. గోవిందస్వామి కట్ట వాటిలో పెట్టి, ఖాళీ సంచి మడిచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.